కందుకూరి వీరేశలింగము పంతులుగారు

శ్రీ కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1848వ సంవత్సరము ఏప్రిల్ 16వ తేదీన రాజమహేంద్రవరమున జన్మించిరి. నాలుగేండ్ల ప్రాయముననే తండ్రి గతించెను. ఉపాధ్యాయ వృత్తియే వారికి జీవనాధారము. 1874లో వివేకవర్ధని పత్రికను, ధవళేశ్వరమున బాలికా పాఠశాలను నెలకొల్పిరి. వారి గ్రంథములను గూర్చి యెల్లరు నెఱుగుదురు; వారి సంస్కరణమునకు సొమ్మెట్లు సమకూడెనో యెఱిగినవారు తక్కువ.

ఆ కాలమున బ్రాహ్మణ కుటుంబములలో ఆడుపిల్లలకు ఎనిమిది తొమ్మిదేండ్లకే పెండ్లి చేయుచుండిరి. మగడు మరణించినచో, కాపురమెఱుగని బాలికకైనను శిరోముండనము, శుభకార్యములయందు బహిష్కారము తప్పెడివి కావు. 1856 నాటి చట్టము పునర్వివాహమునకు అనుమతి నిచ్చెను. కాని చట్టము వంట చేసి పెట్టదు గదా! పెండ్లికి పురోహితుడు రాడు, వంటవాడు రాడు, నీళ్లు మోయువాడు రాడు. వెలిపడిన దంపతులకు ఇల్లు, గ్రాసము, బ్రతుకుతెరువు చూపవలసినది పెండ్లి చేయించినవారే. ఇది ఉపాధ్యాయుని జీతముతో తీరునది కాదు.

అట్టి తరుణమున కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్యగారు 10,000 రూపాయలు సాయమొనర్చిరి. పదుగురి మంచిమాటపై వ్యాపారము నడుపుకొను వర్తకుడు కులాగ్రహమునకు వెఱవక ఈ కార్యమునకు పూనుకొనుట ధనమును మించిన దానము.

1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున పంతులుగారి యింట గోగులపాటి శ్రీరాములుగారికి గౌరమ్మగారితో తొలి వితంతు వివాహము జరిగెను. పోలీసులు కావలియుండిరి, విద్యార్థులు అండగా నిలిచిరి. నాలుగు దినములకే రెండవ వివాహము. పీఠాధిపతి వెలి వేయగానే, తోడు నిలిచినవారిలో పలువురు ప్రాయశ్చిత్తము చేసికొని తొలగిరి. వంటవారు రాకపోగా పంతులుగారి ధర్మపత్ని రాజ్యలక్ష్మమ్మగారు తామే వండి వడ్డించిరి. గోదావరినుండి బిందెలతో నీళ్లు మోసిరి. ఈ సాధ్వి కష్టమునకు వెల కట్టి జమ వ్రాసినవారు లేరు.

పంతులుగారు సుమారు నలువది వివాహములు జరిపించిరి. ధనాశతో పెండ్లాడి, పిదప వారినే వేధించినవారును లేకపోలేదు. ఆ కొందఱిని జూపి కార్యమునే నిందించుట న్యాయము కాదు. ఆ సొమ్ము లేనిచో తక్కిన కాపురములు నిలువకుండెడివి.

1906లో హితకారిణీ సమాజమును స్థాపించి, తమ యాస్తిని దానికి ధారపోసిరి. 1910లో రాజ్యలక్ష్మమ్మగారు గతించిరి. 1919 మే 27వ తేదీన పంతులుగారు చెన్నపట్టణమున కన్నుమూయునప్పటికి, జీవితకాలమున కూడబెట్టిన యాస్తి సమాజమునకే చెందియుండెను.