పక్షిశాస్త్రవేత్త సాలిం ఆలీ

భారతదేశమున పక్షుల పరిశీలనకు శాస్త్రగౌరవము చేకూర్చిన సాలిం ఆలీ గారు 1896 నవంబరు 12వ తేదీన బొంబాయిలో జన్మించిరి. పసితనముననే తల్లిదండ్రులను గోల్పోయి, మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీ గారి ఇంట పెరిగిరి. బాల్యమున వారికి పక్షులనిన వేటవినోదమే. ఒకనాడు గాలితుపాకితో కొట్టిన పిచ్చుక కంఠమున పసుపు మచ్చ కనబడెను. అది ఏ జాతిదో తెలిసికొనుటకు మేనమామ 1908లో బాలుని బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘమునకు పంపిరి. కార్యదర్శి మిల్లర్డు గారు సంఘమందలి పక్షుల నమూనాలను చూపి, చర్మమొలిచి భద్రపరచు విద్య నేర్పించిరి. ఆ విధముగా ఆ బాలునకు పక్షిశరీరముతో పరిచయము కలిగెను.

1929లో బెర్లిను వెళ్ళి ఆచార్య స్ట్రెజెమన్ వద్ద శిక్షణ పొందిరి. హెలిగోలాండు ద్వీపమున పక్షులను పట్టి, కాలికి ఉంగరము తొడిగి విడుచు పద్ధతి నేర్చిరి. తిరిగివచ్చి 1931లో హైదరాబాదు సంస్థానమున పక్షుల సర్వేక్షణ ప్రారంభించిరి.

నమూనాల కొఱకు తుపాకి పట్టుటను వారు సమర్థించుచునే వచ్చిరి. కాని చచ్చిన పక్షి తన జాతిని మాత్రమే తెలుపును. శీతకాలమున ఎచ్చటినుండి వచ్చెనో, మరల ఎచ్చటికి పోవునో సజీవముగా విడిచిన పక్షి వలననే తెలియవలెను. 1959లో ప్రపంచ ఆరోగ్యసంస్థ సహాయముతో సంఘము ఈ పనిని చేపట్టగా వారే సారథ్యము వహించిరి.

సజీవమైన పక్షిని పట్టుట సులభము గాదు. మనకు వలె దానికి ఊపిరి నడపు ఉదరవితానము లేదు. ఱొమ్ముటెముక కదలినగాని గాలి ఆడదు. ఎగిరిపోవునేమోయని బిగించి పట్టినచో, ముక్కు తెరచియున్నను ఊపిరాడక చచ్చును. కావున వీపును అరచేతికి ఆనించి, మెడను చూపుడువ్రేలికిని నడిమివ్రేలికిని నడుమ వదులుగా నిలిపి, రెక్కలు కొట్టుకొనకుండ తక్కిన వ్రేళ్ళను చుట్టవలెను. సన్నని కాళ్ళను పట్టి లాగరాదు. ఉంగరము తేలికగా ఉండి కాలిపై కదలవలెను.

ఈ పనికి సంఘము బీహారునుండి మీర్ షికారీలను నియమించెను. తరతరములుగా పక్షులను పట్టి అమ్మి జీవించిన వారి నేర్పు, పక్షులను క్షేమముగా విడుచుటకు వినియోగపడెను.

1976లో పద్మవిభూషణ బిరుదము పొందిన సాలిం ఆలీ గారు 1987 జూన్ 20వ తేదీన బొంబాయిలో పరమపదించిరి. పిచ్చుకను కొట్టిన బాలుడు వేలాది పక్షులకు ఉంగరములు తొడిగించి ఆకాశమునకు విడిపించినవాడయ్యెను.