నాడీకణ చిత్రకారుడు - రామోన్ ఇ కహాల్

జీవశాస్త్ర పాఠంలో నాడీకణం బొమ్మ గీయని విద్యార్థి ఉండడు. కొమ్మలవలె విచ్చుకున్న డెండ్రైట్లు, నడుమ కణదేహం, దీర్ఘంగా సాగిన ఆక్సాన్ - ఈ రూపాన్ని లోకానికి విశదపరచిన మహనీయులలో అగ్రగణ్యుడు సాంటియాగో రామోన్ ఇ కహాల్. బాల్యంలో బొమ్మలు గీసినందుకే ఆయన దండన పొందడం విధివిలాసం.

కహాల్ 1852 మే 1వ తేదీన స్పెయిన్ దేశంలోని పెటిల్లా అనే కుగ్రామంలో జన్మించాడు. తండ్రి శస్త్రవైద్యుడు, కార్యదక్షుడు. చిత్రకళ కూడు పెట్టదని ఆయన దృఢవిశ్వాసం. కుమారుని కాగితాలు లాగివేశాడు. చదువు పట్ల శ్రద్ధ చూపనందుకు మంగలి వద్ద, చెప్పులు కుట్టేవాని వద్ద పనికి కుదిర్చాడు. అయినా ఆ బాలుని చేయి ఆగలేదు. తుదకు 1868లో తండ్రి అతనిని పాత శ్మశానానికి తీసుకుపోయి, అక్కడి ఎముకలతో శరీరనిర్మాణశాస్త్రం బోధించసాగాడు. ఎముకలను చూచి గీయడంలో కుమారునికి చదువుపై అనురక్తి కలిగింది. తండ్రి పట్టుదల, తనయుని అభిరుచి అక్కడ ఏకమైనాయి.

1873లో వైద్యపట్టం పొంది, సైనిక వైద్యునిగా క్యూబా వెళ్ళి, మలేరియాతో కృశించి 1875లో స్వదేశం చేరాడు. పిదప సొంత ధనంతో సూక్ష్మదర్శిని కొని పరిశోధనకు పూనుకొన్నాడు. ఇటలీ శాస్త్రజ్ఞుడు గోల్జీ 1873లో ప్రకటించిన వెండి లవణపు రంజన పద్ధతిని 1887లో చూచి ముగ్ధుడైనాడు. ఆ పద్ధతిలో అసంఖ్యాక కణాలలో కొన్ని మాత్రమే నల్లబడి, ఆమూలాగ్రం కనిపిస్తాయి. తంతువులపై మయలిన్ తొడుగు ఏర్పడిన పిమ్మట రంగు సరిగా పట్టదు కనుక, కహాల్ పిండదశలోని పక్షుల, పసి జంతువుల నాడీకణజాలాన్ని ఎన్నుకొన్నాడు.

నాడీమండలం తెగని ఒకే వల అని గోల్జీ భావించాడు. కాదని 1888లో కహాల్ నిరూపింప యత్నించాడు: ప్రతి నాడీకణమూ విడి కణమే, ఒకదాని కొన మరొకదానిని సమీపిస్తుందే గాని కలిసిపోదు. సందేశం డెండ్రైట్ల నుండి కణదేహానికి, అటనుండి ఆక్సాన్ వెంట ప్రయాణిస్తుందని కూడా ఆయన ప్రతిపాదించాడు.

స్పానిష్ భాషలోని ఆ రచనలను చదివేవారు అరుదు. సొంత ఖర్చుతో పత్రిక నడిపాడు. 1889లో తన స్లైడులతో బెర్లిన్ సభకు వెళ్ళి, సుప్రసిద్ధుడైన కోలికర్‌ను ఒప్పించాడు. 1891లో వాల్డేయర్ ఆ కణానికి న్యూరాన్ అని పేరిడినాడు. 1906లో నోబెల్ బహుమతిని గోల్జీ, కహాల్ పంచుకొన్నారు. ఆ వేదికపై సైతం గోల్జీ తన వాదాన్ని విడువలేదు.

1934 అక్టోబరు 17న కహాల్ మాడ్రిడ్‌లో కన్నుమూశాడు. 1950వ దశకంలో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని రెండు కణాల నడుమనున్న సన్నని ఎడమును ప్రత్యక్షంగా చూపింది. ఒకనాడు ఇంట నిరాదరణకు గురియైన ఆ చేతి గీతలే మెదడు రహస్యానికి తొలి పటములైనాయి.