గాలిగోపుర నిర్మాత వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు

మంగళగిరికి వచ్చిన యాత్రికుడు కొండపై పానకాల నృసింహస్వామికి పానకము నివేదించి, స్వామి స్వీకరింపగా మిగిలిన దానిని ప్రసాదముగా గ్రహించి, మెట్లు దిగి దిగువ సన్నిధికి వచ్చును. అచ్చట శ్రీ లక్ష్మీనృసింహస్వామి ఆలయ తూర్పు వాకిట తలయెత్తి చూడక ఎవ్వరును లోనికి అడుగిడలేరు. పదునొకండు అంతస్తులతో, 153 అడుగుల యెత్తున నిలిచిన గాలిగోపురమది. 1807-1809 సంవత్సరముల నడుమ దానిని కట్టించిన పుణ్యమూర్తి రాజా వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడుగారు.

నాయుడుగారు 1783లో జమీందారీ భారమును వహించిరి. కృష్ణాతీరమందలి చింతపల్లి వారికి మొదటి రాజధాని. ఈస్టిండియా కంపెనీవారితో పొసగక ఆ యూరు విడిచి, అదే నదీతీరమున అమరేశ్వరుని సన్నిధిని నూతన నగరమును కట్టుకొనిరి. కవిపండితులను ఆదరించిరి. శివకేశవ భేదమెన్నక పెక్కు ఆలయములకు గోపురములను, ప్రాకారములను సమకూర్చిరి.

మంగళగిరి గోపురమును గూర్చి స్థలజనులొక కథ చెప్పుకొందురు. కట్టడము ముగియగనే అది ఒకవైపునకు ఒరిగెనట. కాంచీపుర శిల్పులు ఎదుట కోనేరు త్రవ్వింపుమనిరట. అట్లు చేసిన పిదప గోపురము నిటారుగా నిలిచెనట. కథ యెట్లున్నను అందలి నీతి గ్రహింపదగినది. ధనమిచ్చిన ప్రభువు తన మాటయే చెల్లవలెనని పట్టుబట్టక, తెలిసినవారి నడిగి వారు చెప్పినట్లు నడచుకొనెను.

అట్టి ధర్మప్రభువు కాలముననే, వారి పనివారి చేతనే, తీరని నష్టమొకటి జరిగినది. అమరావతి చెంత దీపాలదిన్నె అను దిబ్బ యుండెడిది. నగర నిర్మాణమునకు ఇటుకలును రాళ్లును కావలసివచ్చి, 18వ శతాబ్ది చివర దానిని త్రవ్విరి. అది సుమారు రెండువేల యేండ్లనాటి బౌద్ధ మహాచైత్యమని వారెరుగరు. బుద్ధుని చరిత్రను చెక్కిన సున్నపురాతి పలకలు ఒక్కొక్కటిగా చెదరిపోయెను. 1798లో మెకంజీ దొర వచ్చి చూచి, 1816లో మరల వచ్చి, మిగిలిన శిల్పములకు చిత్రములు వ్రాయించెను. అప్పటికే దిబ్బ నడుమ చెరువు త్రవ్వబడి యుండెను. పలకలలో కొన్ని కొత్త కట్టడములలో కలిసెను. కొన్ని సున్నపు బట్టీల పాలయ్యెను. 1845లో వాల్టర్ ఇలియట్ త్రవ్వించిన వాటిలో పెక్కు మదరాసు మీదుగా 1859లో లండను చేరెను. మన యూరి శిల్పములలో పెక్కింటిని చూడగోరువారు నేడు చెన్నపట్టణపు మ్యూజియమునకో, సముద్రములు దాటి బ్రిటిష్ మ్యూజియమునకో పోవలసియున్నది.

ఇందు నాయుడుగారి భక్తిని శంకింప పనిలేదు. ఆ దిబ్బ యేమిటో వారికి చెప్పగలవారు లేకపోయిరి. మంగళగిరిలో అడిగినందున గోపురము నిలిచినది. అమరావతిలో అడుగుటకే తోచనందున చైత్యము చెదరినది.

నాయుడుగారి అనంతరము దత్తపుత్రుల వ్యాజ్యములలో సంపద కరగిపోయినది. గోపురము మాత్రము నేటికిని యాత్రికులను పిలుచుచున్నది. దానివంటి వాటిని కాపాడుట ఒక్కరి పని కాదు. ఆగమము తెలిసిన స్థపతి, నేలను పరీక్షించు ఇంజనీరు, గోడమీది శాసనమును చదువు పండితుడు, రాతి మలినమును తొలగించు రసాయన శాస్త్రజ్ఞుడు కలిసి ఆలోచించిననే జీర్ణోద్ధరణము సఫలమగును. వారిలో ఏ యొక్కరు లేకున్నను, భక్తితో వేసిన సున్నపుపూతయే శాసనమును కప్పివేయగలదు.

భక్తులకును ఇందు భాగము కలదు. గోడలపై పేర్లు చెక్కకుందుము. శిల్పముల మీద కర్పూరము వెలిగింపకుందుము. పొలములో చెక్కడపురాయి బయటపడినచో, కదలింపక ముందు తెలిసినవారికి తెలియజేయుదుము. స్వామికి పానకమర్పించు చేతులతోనే స్వామి ఇంటిని కాచుకొనుటయు కైంకర్యమే.