గాస్టన్ ప్లాంటే

మోటారు బండి మీట నొక్కగానే యంత్రమును కదలించు విద్యుత్తు సాధారణముగా సీసపు బ్యాటరీనుండి వచ్చును. ఒకసారి వ్యయమైన విద్యుత్తును మరల నింపుకొనగల ఈ సాధనమును లోకమున కొసగినవాడు గాస్టన్ ప్లాంటే అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు.

ఈయన 1834వ సంవత్సరము ఏప్రిల్ 22వ తేదీన ఫ్రాన్సు దేశపు నైరృతి భాగమందలి ఓర్తెజ్ పట్టణమున జన్మించెను. 1854లో పారిస్ నగరములో భౌతికశాస్త్ర బోధనకు సహాయకుడుగా చేరెను. మరుసటి యేడు పారిస్ చేరువన ఒక ప్రాచీన మహాపక్షి యొక్క శిలాజమును కనుగొనెను. పండితులు ఆ పక్షికి ఈయన పేరు కలిసివచ్చునట్లు గాస్టోర్నిస్ అని పేరిడిరి. అప్పటి కాతని వయస్సు 20 సంవత్సరములు మాత్రమే.

ఆ కాలపు విద్యుద్ఘటములు లోపలి పదార్థములు ఖర్చుకాగానే నిరుపయోగములగుచుండెను. 1859లో ప్లాంటే రెండు సీసపు రేకులను తీసికొని, అవి ఒకదాని నొకటి తాకకుండ నడుమ బట్ట నుంచి, చాపవలె చుట్టి, నీరు కలిపిన గంధకామ్లమున ముంచెను. వేరొక ఘటమునుండి వానిలోనికి విద్యుత్తును పంపగా ఒక రేకుపై గోధుమవన్నె పూత యేర్పడెను. పిమ్మట ఆ రేకులే విద్యుత్తును తిరిగి యిచ్చెను. 1860లో ఇట్టి తొమ్మిది ఘటముల బ్యాటరీని ఫ్రెంచి శాస్త్ర పరిషత్తునకు సమర్పించెను.

అయితే క్రొత్త రేకులు నిలుపుకొను విద్యుత్తు స్వల్పము. రేకు పైపొర మాత్రమే పనిచేయుటయే యిందులకు కారణము. ప్లాంటే నిరుత్సాహపడలేదు. విద్యుత్తును నింపుట, వెడలించుట, దిశ మార్చి మరల నింపుట — ఈ పనిని నెలల తరబడి సాగించెను. సారిసారికి సీసము లోతుగా గుల్లబారి, దాని శక్తి పెరిగెను. 1881లో కామిల్ ఫోర్ అను మరియొక ఫ్రెంచివాడు రేకులకు సీసపు భస్మపు ముద్దను పూసి ఈ శ్రమను మిక్కిలి తగ్గించెను. ప్లాంటే 1889 మే 21వ తేదీన పరమపదించెను.

ఇంత ఓర్పుతో రూపొందిన వస్తువును కాపాడుటకును ఓర్పు కావలెను. విద్యుత్తు వెడలిపోయిన బ్యాటరీని అట్లే విడిచినచో రేకులపై తెల్లని స్ఫటికములు గట్టిపడి, అది మరల నిండుట దుర్లభమగును. కావున దాచుటకు ముందు పూర్తిగా నింపవలెను. వాడకున్నను శక్తి మెల్లమెల్లగా తరుగును గనుక నడుమ నడుమ నింపుచుండవలెను. మూతలు తీయ వీలున్న బ్యాటరీలలో రేకులు పైకి తేలనీయక, పరిశుభ్రమైన బట్టినీటిని మాత్రమే పోయవలెను. నింపునపుడు మండు వాయువు వెలువడును, దీపమును దరిజేర్చరాదు. ఆమ్లము ఒంటిని కాల్చును గనుక పిల్లలు పెద్దలు లేక దానిని ముట్టరాదు.

విద్యార్థులారా! ప్లాంటే రేకులు ఒక్కనాట బలపడలేదు. నేర్చిన విద్యయు అట్టిదే. పలుమారు వాడిన కొలది లోతునకు దిగును. వాడక మూల నుంచిన గట్టిపడి చెడును.