తాత నిలబెట్టిన బీడు గొట్టం

యాభై ఏండ్లు మా వంటింటి గోడనానుకుని నిలబడిన బీడు గొట్టం, మొన్న ఆదివారం ముక్కలై పాత ఇనుము వాడి తక్కెడెక్కింది. ఇనుము వేరే తూచాడు, సీసం వేరే తూచాడు. సీసానికే ధర ఎక్కువ.

తాత వేలూరులో ఉద్యోగం చాలించుకుని 1974లో మేల్పాడికి తిరిగొచ్చాడు. వస్తూనే మేడ మీద కక్కూసు కట్టిస్తానన్నాడు. "వంటింటి నెత్తినా? ఆ చప్పుడు వింటూ నేను సంగటి గెలకాలా?" అని అవ్వ లేచింది. తాత వినలేదు. కాట్పాడి నుంచి గొట్టాలు దిగాయి. నాలుగంగుళాల లావు, ఆరడుగుల పొడుగు, ఒక్కొక్కటి ఇరవై కిలోలకు అటూ ఇటూ. ఒకదాని వెడల్పు మూతిలో ఇంకొకదాని కొస దించి, సందులో జనపనార కూరి, పైన కరిగిన సీసం పోసి, చల్లారాక ఉలితో దట్టించారట. మూతిలో తడి ఉంటే సీసం చిమ్ముతుందని పిల్లల్ని దగ్గరికి రానివ్వలేదని నాన్న చెప్పేవాడు.

గొట్టం కక్కూసు దగ్గరే ఆగలేదు. మిద్దె దాటి పైకి పోయి, కొసన జల్లెడ టోపీ పెట్టుకుంది. కాకులకది ఆసనం. చిన్నప్పుడు నేను దాన్ని అలంకారమనుకున్నాను. నీళ్లు ఒక్కసారిగా దిగితే వెనకాల గాలిని లాక్కుపోతాయి. పైనుంచి గాలి అందకపోతే, కక్కూసు వంకీలో నిలిచిన రెండంగుళాల నీళ్లను కూడా పీల్చేస్తాయి. మురుగు తొట్టి వాసనకూ ఇంటికీ మధ్య తలుపు ఆ నీళ్లే. 1775లో లండన్‌లో అలెగ్జాండర్ కమింగ్ అనే గడియారాల పనివాడు ఆ వంకీకి పేటెంటు తీసుకున్నాడు. తలుపు ఆయనదైతే, దాన్ని కాపలా కాసింది మా టోపీ గొట్టం.

అవ్వ భయపడిన చప్పుడు మాత్రం రాలేదు. బీడు బరువే దాన్ని మింగేసింది. అవ్వ పోయేదాకా ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

చివరికి దాన్ని చంపింది నీళ్లకంటే గాలే. తొట్టిలోంచి లేచే వాయువు లోపలి తడిని అంటుకుంటే, అక్కడి సూక్ష్మజీవులు దాన్ని ఆమ్లంగా మారుస్తాయి. గోడ మీద మరక చూసి మేస్త్రీని పిలిచాను. చాకుతో గీకితే గొట్టం పెన్సిలు ముల్లులా నల్లగా రాలింది. "ఇనుము ఎప్పుడో పోయింది సామీ, బొగ్గు నిలబడుండాది," అన్నాడు. నిజమే. ఇనుము కరిగిపోయాక, అందులోని గ్రాఫైటు రూపాన్ని మాత్రం పట్టుకుని ఉంటుంది. పైకి చూస్తే గొట్టం గొట్టమే.

పొన్నై ఏటి ఒడ్డు ఊరు మాది. రాజరాజ చోళుడు తన తాత అరింజయుడి జ్ఞాపకంగా కట్టించిన గుడి ఇక్కడే ఉంది. మనవడంటే అదీ. నేనేమో తాత నిలబెట్టినదాన్ని పడగొట్టించాను. ఆ గుడిలోంచి మేడమీది మురుగు దిగలేదు గదా అని సర్దుకున్నాను.

కొత్తది పీవీసీ. పదడుగుల గొట్టాన్ని కుర్రాడు ఒంటి చేత్తో మేడెక్కించాడు. సీసం లేదు, నిప్పు లేదు, మూతికో రబ్బరు చుట్టు, అంతే. తుప్పు పట్టదు. దాన్ని తిట్టడానికి నాకేమీ కారణం లేదు.

ఆ రాత్రి మేడ మీద ఎవరో నీళ్లు వదిలారు. వంటింటి గోడ వెంట దబదబా దిగాయి. అమ్మ గరిటె ఆపి అటు చూసింది.

"మీ అవ్వ చెప్పింది ఈ చప్పుడేరా," అనింది.