గట్టి ఎముకలే విరిగాయి

శాన్ రామన్: పోస్టరును కళగా నిలబెట్టిన ఫ్రెంచి చిత్రకారుడు హెన్రీ తులూస్ లోట్రెక్. 1864 నవంబర్ 24న దక్షిణ ఫ్రాన్స్‌లోని ఆల్బీలో పెద్ద జమీందారీ ఇంట్లో పుట్టాడు. అమ్మానాన్నలు అక్కచెల్లెళ్ళ పిల్లలు. మన వరసలో ఇది కుదరని సంబంధం. వాళ్ళలో కుదిరింది.

1878లో, పదమూడేళ్ళప్పుడు, కుర్చీ దగ్గర పడితే తొడ ఎముక విరిగింది. మరుసటి ఏడాది రెండో కాలూ అంతే. రెండూ పెద్ద దెబ్బలు కావు. ఎముకలు అతికాయిగానీ కాళ్ళు ఎదగలేదు, ఎత్తు అయిదడుగుల దగ్గరే ఆగిపోయింది. వేట, గుర్రపు స్వారీ లేవని తేలాక బొమ్మలే లోకమయ్యాయి. పారిస్ చేరి 1891లో ములాన్ రూజ్ డాన్సు హాలుకు వేసిన పోస్టరుతో పేరు మోగిపోయింది. తాగుడు, సుఖవ్యాధి కలిసి 36 ఏళ్ళకే, 1901 సెప్టెంబర్ 9న తీసుకుపోయాయి.

ఆయన కాళ్ళు విరిగిన రోజుల్లో ఎక్స్‌రే లేదు. రాంట్‌జెన్ దాన్ని కనిపెట్టింది 1895లో. 1962లో మారొతో, లామీ అనే ఫ్రెంచి డాక్టర్లు పిక్నోడిసోస్టోసిస్ అనే వంశపారంపర్య జబ్బును వివరించారు. దాని గుర్తులు ఎక్స్‌రేలో కనిపిస్తాయి. ఎముకలన్నీ మామూలు కన్నా తెల్లగా, దట్టంగా ఉంటాయి. పుర్రె అతుకులు పూడవు. కింది దవడ వంపు పోయి సాపుగా ఉంటుంది. వేళ్ళ చివరి ఎముకలు అరిగిపోతాయి. లోట్రెక్‌దీ ఇదే జబ్బని 1965లో ఆ డాక్టర్లే అన్నారు. అయితే అది ఫొటోలు, జీవిత వివరాలు చూసి చెప్పిన మాట, అందరూ ఒప్పుకోలేదు.

దట్టమైన ఎముక విరగడమేమిటి? పోత ఇనుము చూడండి, గట్టిదే, కానీ దెబ్బకు పగులుతుంది. ఒంట్లో పాత ఎముక కరుగుతూ కొత్తది కట్టుకుంటూ ఉండాలి. ఈ జబ్బులో కరిగించే ఎంజైము పనిచేయదు, పాతదంతా పేరుకుపోతుంది. దాని జన్యువు 1996లో దొరికింది.

ఈ లోపం తల్లిదండ్రుల్లో ఒకరికే ఉంటే పిల్లలకు జబ్బు రాదు. ఇద్దరికీ ఉంటే ప్రతి కాన్పులో నాలుగింట ఒక వంతు ప్రమాదం. ఒకే తాత మనవలైతే ఇద్దరికీ ఉండే వీలెక్కువ. మేనత్త కొడుకు మనకు బావ, పెద్దమ్మ కొడుకు అన్న. రక్తానికి మాత్రం ఆ తేడా తెలియదు.

శాన్ రామన్‌లో ఉన్నా, దుబాయ్‌లో ఉన్నా, ఇంటి నుంచి ఫోనులో మేనరికం మాట వస్తూనే ఉంటుంది. సరే అనేముందు రెండు వైపులా అడగండి. చిన్న దెబ్బకే ఎముకలు విరిగే పిల్లలుంటే కట్టు కట్టించి ఊరుకోవద్దు. విరిగిన చోటే కాదు, పుర్రె, చేతులు, వెన్ను కూడా ఎక్స్‌రే తీయాలేమో డాక్టరును అడగమనండి. హైదరాబాద్ నిమ్స్‌లో జన్యు వైద్య విభాగం ఉంది. లోట్రెక్ తల్లికి ఆ దారి లేదు, మన ఇంటివాళ్ళకు ఉంది.