శ్రీ ద్వారం వెంకటస్వామినాయుడుగారు

ఒక పట్టణము గొప్పదనమును దాని జనసంఖ్యనుబట్టి నిర్ణయింపరాదు. ఇందుకు విజయనగరము చక్కని నిదర్శనము. గురజాడ అప్పారావుగారి 'కన్యాశుల్కము' 1892లో మొట్టమొదట రంగస్థల మెక్కినది ఆ యూరిలోనే. ఆదిభట్ల నారాయణదాసుగారి హరికథలకు ఆటపట్టు ఆ యూరు. వీరఘట్టములో పుట్టిన కోడి రామమూర్తినాయుడుగారు వ్యాయామవిద్య నభ్యసించి, అనంతరము తమ బలప్రదర్శనములచే దేశమును ఆశ్చర్యపరచినది అక్కడి నుండియే. రచయితలను, కళాకారులను, మల్లవీరులను సమానముగా ఆదరించిన ఆ చిన్నపట్టణముతో విడదీయరాని మరియొక పేరు శ్రీ ద్వారం వెంకటస్వామినాయుడుగారిది.

విజయనగరము నుండి రాయపూరు వరకు రైలుమార్గము 1931లో పూర్తియైనది. తరువాతి కాలమున ఉత్తరాంధ్ర కుటుంబములెన్నియో ఆ మార్గముననే వచ్చి భిలాయిలో స్థిరపడినవి. కావున నాయుడుగారి చరిత్ర మనకు పరాయివారి చరిత్ర కాదు. మన ఇరుగుపొరుగు పెద్దల చరిత్రయే.

నాయుడుగారు 1893వ సంవత్సరము నవంబరు 8వ తేదీన, దీపావళినాడు, బెంగుళూరులో జన్మించిరి. తండ్రి వెంకటరాయుడుగారు సైన్యములో ఉద్యోగము చేసినవారు. ఉద్యోగవిరమణానంతరము ఆ కుటుంబము విశాఖపట్టణమున స్థిరపడినది. బాలునికి చూపు మందము. నల్లబల్లపై ఉపాధ్యాయుడు వ్రాసిన అక్షరములు కానరాకపోవుటచే బడిచదువు ముందునకు సాగలేదు. చదువు ఆగిన పిల్లవానికి కొలువు దొరకదు. కొలువు లేనివాని బ్రతుకెట్లని తల్లిదండ్రులు దిగులు చెందుట సహజము.

ఆ యింటిలో ఫిడేలు ఉండుట తెలుగువారి అదృష్టము. అన్నగారు వెంకటకృష్ణయ్యగారు రైల్వేలో గార్డు ఉద్యోగము చేయుచు, తీరిక వేళలయందు ఫిడేలు వాయించుచుండెడివారు. తమ్ముని చేతికి ఆ వాద్యము నిచ్చి తొలిపాఠములు చెప్పినవారు ఆయనయే. కంటికి కష్టమైన విద్యను మాని, ఆ బాలుడు చెవికి వశమైన విద్యను పట్టుకొనెను. స్వరమునకు నల్లబల్ల అక్కరలేదు. డ్యూటీ ముగించుకొని యింటికి వచ్చిన ఒక ఉద్యోగి తన తీరికవేళను తమ్ముని కొరకు వెచ్చించుట ఎంతటి ఫలమునిచ్చెనో ఉద్యోగులమైన మనము ప్రత్యేకముగా గమనింపదగును.

1919లో విజయనగర సంస్థానాధీశులు విజయరామ గజపతిరాజుగారు సంగీత కళాశాలను నెలకొల్పిరి. ఆస్థానోద్యోగి యొకరి అంధపుత్రునికి సంగీతము నేర్పింపవలెనను కోరికయే ఆ సంస్థ పుట్టుకకు కారణమని ప్రసిద్ధి. నారాయణదాసుగారు దానికి ప్రథమాధ్యక్షులైరి. అప్పటికి ఇరువదియైదేండ్లు దాటిన నాయుడుగారు, విద్యార్థిగా చేరవలెనను సంకల్పముతో అక్కడికి వెళ్ళిరి. వారి వాద్యమును విన్న పెద్దలు వారిని విద్యార్థిగా చేర్చుకొనలేదు, వాయులీనోపాధ్యాయునిగా నియమించిరి! చేత పరీక్షాపత్రము లేదు. కన్నులలో చాలినంత వెలుగు లేదు. ఉన్నది నాదమొక్కటే. దానిని విని విలువకట్టగల చెవులు ఆనాడు విజయనగరమున ఉండుటచేతనే ఈ జీవితము మలుపు తిరిగినది.

ఆ నాదము సాధించిన విజయము తెలియవలెనన్న, అప్పటికి కచేరీలో వాయులీనమునకున్న స్థానము తెలియవలెను. అది ఐరోపా నుండి వచ్చిన వాద్యము. పందొమ్మిదవ శతాబ్దమున దానిని కర్ణాటక సంగీతమునకు అలవరచినవారిలో ముత్తుస్వామి దీక్షితులవారి తమ్ములు బాలుస్వామి దీక్షితులు ముఖ్యులు. తంజావూరు వడివేలుగారు తిరువాన్కూరు ఆస్థానమున దానికి గౌరవము సంపాదించిపెట్టిరి. పాశ్చాత్యులు దానిని గడ్డము క్రింద ఆనించి వాయింతురు. మనవారు నేలపై కూర్చుండి, దాని కొనను కుడిపాదముపై మోపి, వ్రేళ్ళు తంతులపై స్వేచ్ఛగా జారునట్లు చేసికొనిరి. గమకములు పలుకుటకు ఈ యేర్పాటు మిక్కిలి అనువైనది. ఇంత చేసినను, కచేరీలో అది సాధారణముగా పక్కవాద్యమే. గాయకుడు రాగమాలపించిన పిమ్మట తానును కొంత ఆలపించుట, కీర్తనలో ఆయనను వెన్నంటి నడచుట, స్వరకల్పనలో ఆయనకు బదులు చెప్పుట—ఇవియే దాని విధులు. సభ మధ్యస్థానము గాయకునిది.

నాయుడుగారును ఏండ్లతరబడి పక్కవాద్యము వాయించినవారే. పక్కవాద్యమనగా చులకన పని కాదు. గాయకుడు ఏ మలుపు తిరుగునో ముందుగా తెలియదు. విన్నంతనే గ్రహించి, ఆయనను మించక, ఆయనకు వెనుకబడక సాగవలెను. ఇందులకు వ్రేళ్ళ నేర్పు కంటె వినుట యందలి నేర్పు ప్రధానము. చిన్ననాటి నుండియు చెవినే నమ్ముకొన్న నాయుడుగారికి ఈ విద్య కరతలామలకమైనది. 1938లో, సుమారు నలువదియైదేండ్ల ప్రాయమున, వెల్లూరులో వారు వాయులీనమునే ప్రధానవాద్యముగా నిలిపి తమ తొలి ఏకవాద్య కచేరీ గావించిరి. అన్ని యేండ్లు ఇతరులను వినిన పుణ్యమే నాడు తామొక్కరును సభను నడిపించుటకు బలమైనదని నా అభిప్రాయము.

గాయకుడు లేని కచేరీలో మాటలు లేవు. త్యాగరాజస్వామివారి కీర్తనలోని భావము శ్రోత మనస్సునకు తట్టవలెనన్న కమాను ఒక్కటే సాధనము. నాయుడుగారు కమానును తునకలు తునకలుగా లాగక, నిండుగా, నిడుపుగా నడిపించిరి. పాశ్చాత్య వాదనములోని నాదశుద్ధిని వారు ఆదరముతో గ్రహించిరి. గమకమును మాత్రము మన గాత్రసంప్రదాయము నుండియే తీసికొనిరి. పరాయిదైన మంచిని స్వీకరించుటకు వెనుదీయలేదు. తమదైన ప్రాణమును విడువలేదు. వేగముచే విస్మయపరచుట కంటె మాధుర్యముచే మనస్సు కరగించుట వారి మార్గము. జనులు వారిని 'ఫిడేలు నాయుడుగారు' అని పిలుచుకొనిరి. వాద్యము పేరే మనిషికి బిరుదమగుట కంటె వేరు గౌరవమేమున్నది!

1936లో నారాయణదాసుగారి అనంతరము నాయుడుగారు కళాశాలాధ్యక్షులైరి. కర్ణాటక సంగీతమునకు నాడు చెన్నపట్టణము రాజధాని వంటిది; సభలు, పత్రికలు, పోషకులు అక్కడనే ఉండిరి. నాయుడుగారు కచేరీల కొరకు దూరప్రాంతములకు పోయినను, బోధనకు విజయనగరమునే కేంద్రముగా చేసికొనిరి. అందుచేత విద్యార్థులే ఆ చిన్నపట్టణమును వెదకుకొని వచ్చిరి. తరువాత తెలుగువారి ఇంటింట మారుమ్రోగిన ఘంటసాల వెంకటేశ్వరరావుగారు ఆ కళాశాల విద్యార్థియే; అక్కడ వారికి గురువులు పట్రాయని సీతారామశాస్త్రిగారు. పి. సుశీలగారును అక్కడ నాయుడుగారివద్ద విద్య గడించినవారే. నాయుడుగారి కుమార్తె మంగతాయారుగారు తండ్రి బాణీని నిలిపి వాయులీన విదుషీమణిగా పేరుపొందిరి.

గౌరవములు వారిని వెదకుకొని వచ్చినవి. 1941లో మదరాసు సంగీత విద్వత్సభ వారిని సంగీతకళానిధిగా సత్కరించినది. ఆంధ్ర విశ్వవిద్యాలయము కళాప్రపూర్ణ బిరుదము నొసగినది. 1953లో సంగీత నాటక అకాడమీ పురస్కారము, 1957లో పద్మశ్రీ వారికి లభించినవి. 1952లో భారతదేశమునకు వచ్చిన జగద్విఖ్యాత వాయులీన విద్వాంసుడు యెహుదీ మెనూహిన్, చెన్నపట్టణమున పి. వి. రాజమన్నారుగారి గృహమున నాయుడుగారి వాద్యమును విని ఆనందించెను. ఐరోపా నుండి మన దేశమునకు వచ్చిన వాద్యము, మన సంగీతమును ఎంత నిండుగా పలుకునో పాశ్చాత్య విద్వాంసుడే వచ్చి వినుట చరితార్థమైన సంఘటనము. చూపు మందగించినవాని కష్టమును స్వయముగా ఎరిగిన నాయుడుగారు అంధుల సహాయార్థము కచేరీ చేయుటయు ఇక్కడ స్మరణీయము.

1964 నవంబరు 25వ తేదీన నాయుడుగారు పరమపదించిరి. 1993లో, శతజయంతి సందర్భమున, భారత తపాలాశాఖ వారి స్మారకముగా తపాలాబిళ్ళను వెలువరించినది. వాయులీన ఏకవాద్య కచేరీ నేడు వింతకాదు. ఏ సభలోనైనను సహజముగా జరుగుచున్నది. ఇంటిపేరునకు తగినట్లు, వాయులీనము సభామధ్యమునకు వచ్చుటకు ద్వారము తెరచిన కొలదిమందిలో వారొకరు.

మన భిలాయియును రాజధానులకు దూరమైన ఊరే. ఇక్కడ కొలుములు మండించువారు, రైళ్ళు నడుపువారు, కార్యాలయములలో దస్త్రములు చక్కబెట్టువారు, ఎక్కువమంది పక్కవాద్యమువారే. మన పేర్లు సభ మధ్య వినబడవు. అయినను పని శ్రుతి తప్పినచో కచేరీయే చెడును. ఇదియొక పాఠము. రెండవది మన పిల్లలకు సంబంధించినది. మార్కుల పట్టికలో వెనుకబడిన బాలుడు ప్రతి వీధిలోను ఉండును. వానిని చూచి నిట్టూర్చుటకు ముందు, వాడు దేనిని చక్కగా వినుచున్నాడో, వాని వ్రేళ్ళు దేనికొరకు తహతహలాడుచున్నవో ఒక్కసారి గమనింపవలెను. విశాఖపట్టణమున ఒక రైల్వే గార్డు అట్లు గమనించెను. విజయనగరమున కొందరు పెద్దలు పత్రములు అడుగక పాట వినిరి. తెలుగుదేశమునకు ఒక ద్వారం వెంకటస్వామినాయుడుగారు లభించిరి.